కోరికలు కొనే, అమ్మే లోకం: తెలుగులో మీ మొదటి గ్రాఫిక్ నవల, ఆలోచన నుంచి అచ్చు దాకా

కోరికలు అంగట్లో దొరికే లోకం మీద బొమ్మల నవల గీద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు సీసా గీస్తారు. సీసాలోంచి పొగ, పొగలోంచి భూతం, చుట్టూ మెరుపులు. నేనూ అక్కడే మొదలుపెట్టి ఇరవై పేజీలు గీశాక ఆపేశాను, ఎందుకంటే ఆ సీసా ఎంతకి అమ్ముతారో, దాన్ని కొనేవాడి నెల ఆదాయం ఎంతో నాకే తెలీదు. ఆ రెండూ తెలిశాక కథ దానంతట అదే నడిచింది. కాబట్టి ముందు ధర తేల్చుకోండి, మాయ సంగతి తర్వాత చూడొచ్చు. కింద చెప్పే అడుగులన్నీ దీని మీదే నిలబడ్డాయి.

మొదలుపెట్టే ముందు ఒక పుస్తకం చదవండి. ఈజిప్టుకి చెందిన దీనా మొహమ్మద్ అరబిక్‌లో గీసిన ‘షుబేక్ లుబేక్’. కైరోలో ఒక చిన్న కొట్టు, అందులో సీసాల్లో కోరికలు, వాటికి మొదటి తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అని గ్రేడ్లు. మూడు భాగాల్లో ముగ్గురి కథలు. 2017లో కైరో కామిక్స్ పండగలో మొదటి భాగానికి పెద్ద బహుమతి వచ్చింది, 2023లో ఆవిడే చేసిన ఇంగ్లీషు అనువాదం బయటికొచ్చింది. ఇంగ్లీషులో కూడా దాన్ని కుడి నుంచి ఎడమకే చదవాలి, మొదటి పది పేజీలు కళ్లు తడబడతాయి, తర్వాత అలవాటైపోతుంది. ఒకసారి కథ కోసం చదవండి, రెండోసారి ఆ లోకంలో ప్రభుత్వం, పోలీసు, డబ్బున్న దేశాలు కోరికల మీద ఎలా పెత్తనం చేస్తున్నాయో చూస్తూ చదవండి. తర్వాత పక్కన పెట్టేయండి. మీరు గీసేది మీ ఊరి అంగడి కావాలి, కైరో కొట్టుకి తెలుగు బోర్డు తగిలిస్తే సరిపోదు.

‘కోరికలు అమ్మడం’ అనే ఆలోచన ముందే ఎవరో రాసేశారు కదా అని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. మన దేశంలో కాపీరైట్ ఆలోచనకి ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది. నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే ఈ సంగతి తేల్చింది. అంగడి ఆలోచన అందరిదీ. అవతలివాళ్ల పాత్రలు, సన్నివేశాలు, వాళ్లు పేజీ పేర్చిన తీరు మాత్రం ముట్టుకోకండి.

మొదటి అడుగు: ధరల పట్టిక

తెల్లకాగితం మీద మూడు కోరికలు రాయండి: చిన్నది, మధ్యరకం, పెద్దది. పక్కన ధర రాయండి, కానీ రూపాయల్లో వద్దు. చిన్న కోరికకి ఒక రోజు కూలి, మధ్యదానికి సెకండ్ హ్యాండ్ బండి, పెద్దదానికి ఎకరం పొలం, ఇలా వస్తువుల్లో రాయండి. ‘యాభై వేలు’ అని చదివినవాడికి ఏమీ అనిపించదు గానీ ‘అమ్మ గాజులు’ అంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. డబ్బు కాకుండా ఇంకేమైనా తీసుకుంటారా? మన దగ్గర దీనికి ఎప్పట్నించో లెక్కలున్నాయి. చిల్కూరు బాలాజీ గుడిలో కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. అక్కడ హుండీ కూడా లేదు, చెల్లింపంతా కాళ్లతోనే. ఆపద వచ్చినప్పుడు పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కడతాం, గట్టెక్కాక తలనీలాలు ఇస్తాం. మొక్కులో ముందు చెల్లింపూ ఉంది, తర్వాత చెల్లింపూ ఉంది, రశీదు మాత్రం లేదు, ఎందుకంటే అది నమ్మకం. మరి ఆ మొక్కులుండే ఊళ్లోకే కోరికలమ్మే కొట్టు వస్తే ఏమవుతుంది? రశీదు వస్తుంది, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే బోర్డు వస్తుంది. గుడికి వెళ్లే మనిషీ కొట్టుకి వెళ్లే మనిషీ ఒక్కరే అయితే ఆ ఒక్క తేడాతోనే ముప్ఫై పేజీలు నడపొచ్చు.

రెండో అడుగు: నియమాలు

ఇక్కడ బయటికి వెళ్లి వెతుక్కోనక్కర్లేదు, మన పురాణాలు వరాల చట్టమే రాసిపెట్టాయి. కైకేయికి దశరథుడు రెండు వరాలిస్తే వాడుకోకుండా దాచుకుంది, పట్టాభిషేకం ముందురోజు తీసింది. అంటే వరానికి గడువు లేదు. కుంభకర్ణుడు నోరు జారి నిద్ర అడిగాడు. అంటే పలికిన మాటే లెక్క, మనసులో ఉన్నది కాదు. భస్మాసురుడు ఇచ్చినవాడి నెత్తి మీదే చెయ్యి పెట్టబోయాడు, కాబట్టి అమ్మేవాడికి రక్షణ లేదు. సావిత్రి తనకి వందమంది కొడుకులు కావాలని అడిగి, యముడు సరే అన్నాక, భర్త లేకుండా ఎలా అని నిలదీసింది. అది షరతుల్లో సందు చూసుకోవడం. యయాతి తన ముసలితనాన్ని కొడుకు పూరుడికిచ్చి వాడి యవ్వనం తీసుకున్నాడు, అది నేరుగా మార్పిడి.

ఈ ఐదూ ముందు పెట్టుకుని మీ లోకానికి నాలుగు నియమాలు రాసుకోండి. నాలుగు చాలు. గడువు ఉందా లేదా, వేరేవాళ్ల కోసం కోరుకోవచ్చా, తప్పుగా పలికితే ఏమవుతుంది, తీరిన కోరిక వెనక్కి తీసుకోవచ్చా. ఐదో నియమం కావాల్సి వచ్చిందంటే సాధారణంగా కథలో ఇరుక్కుపోయి దారి కోసం దాన్ని కనిపెడుతున్నారని అర్థం. అలాంటప్పుడు నియమం జోలికి వెళ్లకుండా కథే మార్చండి.

నాకు బాగా నచ్చిన నియమం మా ఇంట్లోంచే వచ్చింది. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోట చెడ్డమాట రానివ్వకు అని మా నాయనమ్మ అనేది. దాన్ని అలాగే తీసుకెళ్లి అంగట్లో పెట్టాను: పొద్దు గూకే గంటలో కోరికల కొట్లన్నీ షట్టర్ దించాలి, ఆ గంటలో ఊరంతా నోరు మెదపకుండా కూర్చుంటుంది. ఆ మౌనం గీయడానికి రెండు పేజీలు పట్టింది. నవల మొత్తంలో పాఠకులు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది కూడా అవే.

మూడో అడుగు: అంగడిని కళ్లతో చూసి గీయడం

ఊహించుకుని గీస్తే ప్రతి అంగడీ ఒకేలా వస్తుంది. అలా కాకుండా ఒక నిజమైన మార్కెట్ ఎంచుకుని, అక్కడ అరపూట నిలబడి స్కెచ్ వేసుకోండి. నేను గుంటూరు మిర్చి యార్డు తీసుకున్నాను. అక్కడ సరుకు బస్తాల్లో వస్తుంది, వాటిని టిక్కీలంటారు. రైతుకీ కొనేవాడికీ మధ్య కమీషన్ ఏజెంటు ఉంటాడు. రంగు తగ్గి తెల్లబడిన కాయల్ని తాలు అని వేరు చేస్తారు, వాటి రేటు వేరు. కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, రంగు చూసి, ఏమీ మాట్లాడకుండా మళ్లీ బస్తాలో పడేస్తాడు. అప్పుడు రైతు ముఖం చూడండి. కోరికల అంగడికి ఇంతకన్నా మంచి నమూనా నాకెక్కడా దొరకలేదు. నా నవల్లో కూడా ‘తాలు కోరికలు’ ఉన్నాయి, సగం మాత్రమే తీరేవి, పేదవాళ్లు కొనేవి.

కల్తీ గురించి కూడా ఆలోచించండి, డబ్బు చేతులు మారే చోట కల్తీ తప్పదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ కోడ్ తప్పనిసరి చేశారు కదా, మీ లోకంలో కోరిక మీద ఆ ముద్ర ఎవరు వేస్తారు? ముద్ర లేని కోరిక సగం ధరకి సందులో దొరికితే, ఆసుపత్రిలో బిడ్డ ఉన్న తల్లి దాన్ని కొనదా? ఇలాంటి ప్రశ్నలు పదిహేను రాసుకోండి. అన్నిటికీ జవాబులు గీయనక్కర్లేదు, మీకు తెలిసుంటే చాలు, గోడ మీద పోస్టర్లో, బోర్డు మీద చిన్నక్షరాల్లో అవే బయటపడతాయి.

నాలుగో అడుగు: మనుషులు

కొనేవాళ్ల కథలు అందరూ రాస్తారు. మీరు అమ్మేవాళ్ల వైపు నుంచి మొదలుపెట్టండి. తనకున్న ఒకే ఒక్క కోరికని అమ్ముకోవాల్సి వచ్చిన కౌలు రైతు, దాన్ని కొనే అపార్ట్‌మెంట్ యజమాని, మధ్యలో పది శాతం తీసుకునే ఏజెంటు. ముగ్గురినీ ఒకే బస్సులో ఎక్కించినా కథే. ఏజెంటుని విలన్ చేయకండి. అతనికి కూడా ఇంట్లో కూతురి ఫీజు ఉంటుంది, అతను కూడా ఎప్పుడో తన కోరిక అమ్మేసుకున్నవాడే అయ్యుంటాడు.

ఒక్కొక్కరికీ చేతులు గీయడం నేర్చుకోండి. ముఖాల కన్నా ముందు చేతులు. కొనడం, అమ్మడం అంతా చేతుల పనే కాబట్టి ఈ కథలో పాత్ర ఎవరో వేళ్లు చూస్తేనే తెలియాలి.

ఐదో అడుగు: పేజీల లెక్క, స్క్రిప్టు

మొదటి పుస్తకం 48 పేజీలు దాటనివ్వకండి. మన దగ్గర కథల పుస్తకాలు ఎక్కువగా 1/8 డెమీ సైజులో వస్తాయి, అంటే దాదాపు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. ఆ సైజులో ఒక ఫారానికి, అంటే అచ్చేసి మడతపెట్టే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు. 48 అంటే సరిగ్గా మూడు ఫారాలు. 50 పేజీలు గీశారంటే ఆ రెండు పేజీల కోసం ప్రెస్సువాళ్లు తల పట్టుకుంటారు, మిగిలిన కాగితం డబ్బు మీ నెత్తిన పడుతుంది.

స్క్రిప్టు పేజీ పేజీగా రాయండి. ఒక్కో పేజీకి ఒకే సంఘటన, నాలుగు నుంచి ఆరు గళ్లు (ఒక్కో బొమ్మకి ఒక గడి). తెలుగు పుస్తకంలో బేసి పేజీ కుడివైపు వస్తుంది, పాఠకుడు పేజీ తిప్పేది దాని చివర్లోనే. కాబట్టి ఆశ్చర్యపరిచే బొమ్మ ఎప్పుడూ సరి పేజీలోనే పెట్టండి, తిప్పగానే కనపడాలి. కోరిక తీరే ఘట్టం కుడి పేజీలో పడితే, ఎడమ పేజీ చదువుతుండగానే ఓరకంట కనపడిపోయి చప్పబడిపోతుంది.

ఆరో అడుగు: చిన్న బొమ్మలు

పేజీకి ఒకటి చొప్పున అగ్గిపెట్టె సైజులో 48 గళ్లు గీసి, పుస్తకం మొత్తం పుల్లల బొమ్మలతో వేసేయండి. దీన్ని దాటేసి నేరుగా పెద్ద పేజీ మీదికి దూకితే మళ్లీ మళ్లీ చెరపడమే మిగులుతుంది.

ముందు ధర తేల్చుకోమని పైన చెప్పాను కదా, అది కంటికి కనపడేది ఇక్కడే. ఒక పేజీ ఎలా మారిందో చెప్తాను. ముసలావిడ మనవడి కోసం కోరిక కొంటుంది. మొదట ఒక్క గడిలో గీశాను: ఆవిడ డబ్బులిస్తోంది, కొట్టువాడు సీసా ఇస్తున్నాడు. బొమ్మ బాగానే వచ్చింది, ఏమీ అనిపించలేదు. రెండోసారి ఆరు గళ్లు చేశాను. మొదటి గడిలో కొంగు చివర ముడి, చాలా దగ్గర్నించి. రెండో దాంట్లో ముడి విప్పుతున్న వేళ్లు, ముడి బిగుసుకుపోయింది, రావట్లేదు. మూడులో పళ్లతో లాగుతోంది. నాలుగులో నాలుగు మడతలు పడ్డ నోట్లు, చెమటకి మెత్తబడ్డవి. ఐదులో కొట్టువాడు లెక్కపెట్టుకుంటున్నాడు, ఆవిడ కళ్లు నోట్ల మీదే ఉన్నాయి. ఆరో గడిలో ఖాళీ కొంగు, ముడతలు ఇంకా పోలేదు. సీసా అసలు గీయనే లేదు. నా కథకి ఈ పేజీయే గుండెకాయ అయింది, ఇందులో ఒక్క మాట కూడా లేదు.

మీ కథలో కూడా డబ్బు చేతులు మారే ఘట్టాన్ని పట్టుకుని ఇలాగే సాగదీయండి. మాయ జరిగే ఘట్టాన్ని మాత్రం ఒక్క గడిలో ముగించేయండి.

ఏడో అడుగు: గీత, రంగు

కాగితం మీదైనా టాబ్లెట్ మీదైనా మీ ఇష్టం. టాబ్లెట్ అయితే నలుపు తెలుపు గీతకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి, 1/8 డెమీకి 3300 x 5100 పిక్సెళ్లు వస్తాయి. దానికి చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా కలపండి, కటింగ్‌లో పోయేది అదే. కుట్టు వైపు అంగుళంలో సగమైనా ముఖాలు, అక్షరాలు లేకుండా ఖాళీ వదలండి. నలుపుతో పాటు ఒకే ఒక్క రంగు వాడుకుంటే ఖర్చూ తగ్గుతుంది, కథకీ పనికొస్తుంది. నేను పసుపు వాడాను, కోరిక ఉన్నచోట మాత్రమే. ముడుపు గుడ్డ రంగు అది.

ఎనిమిదో అడుగు: అక్షరాలు

తెలుగు బొమ్మల కథల్లో ఎక్కువ పాడయ్యేది ఇక్కడే, కాస్త ఓపికగా చదవండి.

మన మాటలు పొడుగు. ‘కొనుక్కోవాలనుకుంటున్నాను’ అనే ఒక్క మాట సంభాషణ బుడగలో ఒక వరుసంతా తినేస్తుంది. మధ్యలో విరగ్గొడితే చదవలేం. అందుకని మన బుడగలు నిలువుగా కాకుండా అడ్డంగా ఉండాలి, గడి గీసేటప్పుడే పైన జాగా వదిలిపెట్టాలి. బొమ్మంతా పూర్తిచేసి తర్వాత బుడగ ఇరికిస్తే ఎవరో ఒకరి తల తెగుతుంది. బుడగకి పన్నెండు, పదిహేను మాటలు మించనివ్వకండి. రాసింది పైకి చదవండి, మనుషులు అలా మాట్లాడతారా చూడండి. ‘కొనాలి. ఎంత?’ అంటే సరిపోయే చోట నిండు వాక్యం వద్దు.

వత్తులు కిందికి వస్తాయి, గుడులు పైకి వస్తాయి, కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషు కన్నా ఎక్కువ కావాలి. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగలదు. ఫాంటు కోసం డబ్బులు పెట్టనక్కర్లేదు, సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో లక్కిరెడ్డి చేతిరాతలా ఉంటుంది, సంభాషణకి బాగా కుదురుతుంది. ప్రభుత్వ ఫారాలు, రశీదులు గీసేటప్పుడు మండలి లాంటి నిఖార్సైన అచ్చు ఫాంటు వాడితే ఆ లోకంలో అధికారం ఎవరిదో అక్షరమే చెప్తుంది.

పాత ఫొటోషాప్‌లో తెలుగు విడిపోయి కనపడితే సెట్టింగ్స్‌లో టైప్ అనే చోట టెక్స్ట్ ఇంజిన్ మార్చాలి, ‘వరల్డ్ రెడీ’ లేదా ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అని ఉంటుంది. ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు సరిగ్గా చూపిస్తుంది, బుడగలన్నీ నేను అందులోనే చేశాను.

చప్పుళ్లు మాత్రం ఫాంటుతో వేయకండి, చేత్తో గీయండి. గలగల, టప్, చిటపట, బిరబిర, ఘల్లు, మన భాషలో ఉన్నన్ని చప్పుళ్లకి అక్షరాల ఆకారం కూడా తోడైతే ఆ పేజీ వినపడుతుంది. నాణేల ‘ఘల్లు’లో లకారం తోకని నేలమీద దొర్లుతున్న బిళ్ల దాకా లాగాను.

తొమ్మిదో అడుగు: ప్రెస్సు

ప్రెస్సుకి పంపే ముందు అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేయండి. ఇంక్‌స్కేప్‌లో ‘ఆబ్జెక్ట్ టు పాత్’, ఇలస్ట్రేటర్‌లో ‘క్రియేట్ అవుట్‌లైన్స్’. నేను మొదటిసారి ఈ పని చేయకుండా ఎడిటింగ్ ఫైలే ఇచ్చాను. ఆ ప్రెస్సు కంప్యూటర్లో నా ఫాంటు లేదు, దాని బదులు వేరేది వచ్చి కూర్చుంది, ‘క్క’ ఉన్న ప్రతిచోటా రెండు కకారాలు పక్కపక్కన పొల్లుతో పడ్డాయి. నలభై కాపీలు అలాగే కుట్టి ఇంటికొచ్చాయి. రాత్రంతా కూర్చుని ఒక్కో కాపీ తిరగేస్తుంటే ఏడుపొచ్చింది, ఐదు నెలల పని. అందుకే చెప్తున్నాను, ఫైలు పీడీఎఫ్‌గానే ఇవ్వండి, ఒకే ఒక్క కాపీ తీయించి, మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి, ఆ తర్వాతే మిగతావి తీయమనండి. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల మీదే పని నడుస్తుంది, యూనికోడ్ టెక్స్టు అక్కడ అతికిస్తే చెడిపోతుంది. ‘మేం మళ్లీ టైపు చేస్తాం’ అంటే మర్యాదగా వద్దనండి.

యాభై, వంద కాపీలకి డిజిటల్ ప్రింటు, ఐదొందలు దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటవుతుంది. లోపల 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో కాగితం వేస్తే నలుపు ఎక్కువున్న చోట వెనక పేజీకి కనపడుతుంది, కొంచెం పెట్టి 100కి వెళ్లండి. అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, పైన మ్యాట్ లామినేషన్. 48 పేజీలకి సెంటర్ పిన్ (మధ్య మడత మీద పిన్ను కొట్టడం) చాలు, పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది, రెండు పేజీల బొమ్మ విరగదు.

పదో అడుగు: బయటికి

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ సైట్లో స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, రచయితే ప్రచురించుకుంటున్నా ఇస్తారు. ముందే పెట్టండి, అట్ట వెనక బార్‌కోడ్ వేయాలి కదా. కాపీరైట్ మీరు గీసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ధర వేసేటప్పుడు కాగితం ఖర్చు ఒక్కటే లెక్కేసుకోకండి, మీ ఐదు నెలల సాయంత్రాల్ని కూడా కలపండి. కోరికల ధర గురించి పుస్తకం గీసి, మీ పనికి ధర వేయడానికి మొహమాటపడితే ఎలా?

మొదటి పది కాపీలు బొమ్మల కథలు చదివే అలవాటు లేనివాళ్లకివ్వండి: ఇంటి పక్కన పిన్నిగారు, టీ కొట్టు అన్న, కాలేజీకెళ్లే తమ్ముడు. పక్కన కూర్చుని వాళ్ల చూపుడువేలు ఏ గడి దగ్గర ఆగుతోందో, ఎక్కడ వెనక్కి వెళ్తోందో చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నా పుస్తకానికి అలా పద్నాలుగు గుర్తులు పడ్డాయి. వాటిలో తొమ్మిది బుడగలు చదివే వరుస తప్పుగా పెట్టినవి, రెండో ముద్రణలో మార్చాను. మా పిన్ని మాత్రం కొంగు ముడి పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయి, ‘ఇంతకీ ఆ డబ్బులు ఎన్నాళ్లు దాచిందో’ అంది.